సెయింట్ థామస్‌లో ఓడ ఆగేది తొమ్మిది గంటలే: పక్కనున్న చిన్న దీవికి వెళ్ళి రావచ్చా?

ఫ్రిస్కో_అనకాపల్లి | నవంబరు 3, రాత్రి 9:40
అందరికీ నమస్కారం అండి. జనవరిలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి ఏడు రాత్రుల ఓడ ప్రయాణం బుక్ చేశాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, మా అమ్మానాన్నలు. కరీబియన్‌లో అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ థామస్ దీవిలో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుంది, 4:30కల్లా అందరూ ఎక్కేయాలట. రేవు పక్కన నగల దుకాణాలు చూసి వెనక్కి వచ్చేయడం నాకు ఇష్టం లేదు. మ్యాప్‌లో చూస్తే పక్కనే సెయింట్ జాన్ అనే చిన్న దీవి ఉంది, చాలా భాగం నేషనల్ పార్కేనట. సొంతంగా వెళ్ళి రావడం కుదురుతుందా? అమ్మకి మోకాలి నొప్పి, మెట్లు కష్టం. నాన్నకి 71, బాగానే నడుస్తారు. ఓడవాళ్ళ టూర్ తీసుకుంటే ఐదుగురికీ కలిపి చాలా అవుతోంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

కోటిపల్లి_రేవు | నవంబరు 3, రాత్రి 10:25
తప్పకుండా కుదురుతుందండి. నేను టాంపాలో ఉంటాను, సెయింట్ జాన్ మూడుసార్లు వెళ్ళాను, రెండుసార్లు ఓడ దిగే.

ముందు దారి చెప్తాను. ఓడ ఆగేది షార్లెట్ అమాలీ ఊళ్ళో. అక్కడ రెండు రేవులున్నాయి. తూర్పున హావెన్‌సైట్, పడమర క్రౌన్ బే. మీ ఓడ ఏ రేవులో ఆగుతుందో ఇప్పుడే కనుక్కోండి, లెక్కంతా దాని మీదే. సెయింట్ జాన్ పడవ ఎక్కేది దీవికి తూర్పు చివరనున్న రెడ్ హుక్‌లో. టాక్సీలో అరగంట. దారంతా కొండ మలుపులు, ట్రాఫిక్ ఉంటే ముప్పావుగంట కూడా పడుతుంది. క్రౌన్ బే నుంచైతే ఊరు దాటుకుని వెళ్ళాలి కాబట్టి ఇంకాస్త కలుపుకోండి. రెడ్ హుక్ నుంచి గంటకొక పడవ, ఇరవై నిమిషాల్లో అవతలి ఒడ్డున క్రూజ్ బేలో దింపుతుంది.

పక్క రేవులోంచి కార్లు ఎక్కించుకునే పంటు కూడా వెళ్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కోటిపల్లిలో గోదావరి దాటే పంటే గుర్తొచ్చింది. అదే గొలుసు చప్పుడు, బండ్లు వెనక్కి వెనక్కి ఎక్కించడం కూడా అచ్చం అలాగే. అక్కడే పది నిమిషాలు నిలబడిపోయాను.

ఇక లెక్క. ఎప్పుడు బయల్దేరాలి అన్నది కాదు, ఎప్పుడు తిరిగి రావాలి అన్నది ముందు రాసుకోండి. 4:30కి ఎక్కాలంటే 3:30కి రేవులో ఉండాలి. అంటే 2:30కి రెడ్ హుక్‌లో దిగి ఉండాలి. అంటే క్రూజ్ బేలో 2 గంటల పడవ. కానీ మీరు 1 గంట పడవకే రండి, 2 గంటలది చేతిలో ఉంచుకోండి. ఒకటి తప్పినా ఇంకొకటి ఉంటుందన్న ధైర్యం ఉంటే రోజంతా ప్రశాంతంగా గడుస్తుంది. పొద్దున 9 గంటల పడవ అందితే దీవి మీద మూడున్నర గంటలు పైనే దొరుకుతుంది. 10 గంటలదైతే రెండున్నర.

న్యూజెర్సీ_నెల్లూరు | నవంబరు 4, ఉదయం 7:10
ఒక్క మాట. ఓడవాళ్ళ టూర్‌లో వెళ్తే ఆలస్యమైనా వాళ్ళ బాధ్యత. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. పాస్‌పోర్టులు ఓడలో వదిలేయకుండా వెంట పెట్టుకోండి. అమ్మగారి, నాన్నగారి మందులు కూడా ఒక పూటకి సరిపడా సంచిలో ఉండాలి.

ఇక వీసా. సెయింట్ థామస్, సెయింట్ జాన్ రెండూ అమెరికా నేలే, మధ్యలో పడవ దగ్గర కాగితాలు అడగరు. కానీ మీ ఓడ వేరే దేశాల దీవుల్లో కూడా ఆగుతుంది కదా, తిరిగి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దిగేటప్పుడు ఇమిగ్రేషన్ ఉంటుంది. పెద్దవాళ్ళ బి2 సందర్శకుల వీసా మల్టిపుల్ ఎంట్రీనేనా చూసుకోండి. మీరు హెచ్1బి అయితే పాస్‌పోర్టులో స్టాంపు గడువు చూసుకోండి. గడువు దాటిన స్టాంపుతో ముప్పై రోజుల్లోపు తిరిగి రావచ్చన్న వెసులుబాటు హెచ్1బి వాళ్ళకి కెనడా, మెక్సికోలకే. పక్క దీవులకి కూడా ఆ వెసులుబాటు ఉన్నది ఎఫ్, జె (విద్యార్థుల, ఎక్స్‌చేంజ్) వీసాలవాళ్ళకి. మా పాత ఆఫీసులో ఒకతను ఇది తెలియక టికెట్లు కొన్నాక కాన్సిల్ చేసుకున్నాడు. ఏ అనుమానం ఉన్నా లాయర్‌ని అడిగాకే డబ్బు కట్టండి.

ఫ్రిస్కో_అనకాపల్లి | నవంబరు 4, ఉదయం 8:30
చాలా థాంక్స్ అండి. మాకు గ్రీన్‌కార్డులు వచ్చాయి, బాబు ఇక్కడే పుట్టాడు. అమ్మానాన్నలది పదేళ్ళ మల్టిపుల్. క్రౌన్ బే రేవు అని రాసి ఉంది. అంటే ఇంకా దూరం అన్నమాట. అమ్మ గురించే బెంగ.

ఓరుగల్లు_బాట | నవంబరు 4, ఉదయం 11:05
క్రౌన్ బేల దిగుతున్నరంటే మీకు ఇంకో దారి ఉన్నది, ఎవ్వరూ చెప్తలేరు. వాటర్ ఐలాండ్. క్రౌన్ బే మెరీనా నుంచి చిన్న పడవ పోతది, పది నిమిషాలల్ల ఆ ఒడ్డు. ఓడ రేవు నుంచి మెరీనాకు నడిచి పోవచ్చు. రెండున్నర మైళ్ళ పొడుగు దీవి, అంతే. 1996ల వర్జిన్ ఐలాండ్స్ పరిపాలన కిందికి వచ్చింది, అందుకే నాలుగో దీవి అంటరు. అక్కడ హనీమూన్ బీచ్ అని ఉన్నది, నీళ్ళు చెరువు లెక్క నిలకడగ ఉంటయ్. తిరగనీకి గోల్ఫ్ కార్టులు కిరాయికిస్తరు. మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మకు టాక్సీల ముప్పావుగంట, మళ్ళ పడవ, మళ్ళ టాక్సీ... ఎందుకు అంత తిప్పలు? పొద్దుగాల పోయి, రెండింటికల్ల వచ్చి, ఓడల అన్నం తిని పండుకోవచ్చు. మా అత్తమ్మను తీస్కపోయిన, ఆమె మోకాళ్ళ దాక నీళ్ళల్ల గంటసేపు కూసున్నది. లేవనంటే లేవలే.

కోటిపల్లి_రేవు | నవంబరు 4, మధ్యాహ్నం 12:20
ఓరుగల్లు అన్నా, మీరు చెప్పింది నిజమే, పెద్దవాళ్ళతో అయితే వాటర్ ఐలాండ్ సుఖం. పడవల వేళలు మాత్రం తక్కువ, రెడ్ హుక్‌లో లాగా గంటకొకటి ఉండదు. తిరుగు పడవ ఎప్పుడో ముందే రాసుకోవాలి.

అయినా నా ఓటు సెయింట్ జాన్‌కే. అక్కడి ట్రంక్ బే బీచ్ ఒక్కసారి చూస్తే మీకే తెలుస్తుంది. క్రూజ్ బే నుంచి టాక్సీలో పది, పదిహేను నిమిషాలు. టాక్సీ అంటే కారు కాదు, లారీ వెనక బెంచీలు వేసి పైన కప్పు కట్టినట్టుంటుంది, సఫారీ అంటారు. మనిషికింత అని ప్రభుత్వమే రేటు పెట్టింది, బేరం ఉండదు. కొండ మలుపు తిరగగానే కింద తెల్లటి ఇసుక, మధ్యలో చిన్న పచ్చటి లంక, చుట్టూ లేత నీలం. నీటి అడుగున పలకలు పాతి ఏ పగడం ఏదో, ఏ చేప ఏదో రాసి ఉంచారు, ముఖానికి అద్దం పెట్టుకుని ఈదుతూ చదువుకోవచ్చు. మీ బాబుకి ప్రాణం లేచొస్తుంది. లోపలికి చిన్న రుసుం ఉంది.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు సీసా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఈ మూడూ 2020 నుంచి అక్కడ నిషేధం, పగడాలు చచ్చిపోతున్నాయని. జింక్ ఆక్సైడ్‌ది తీసుకెళ్ళండి.

పాలమూరు_అక్క | నవంబరు 4, రాత్రి 8:15
నేను సెయింట్ థామస్‌లో ఏడాదిన్నర నర్సుగా పనిచేశాను, 2017 తుఫాన్ల తర్వాత. ఇర్మా వచ్చి పదిహేను రోజులు కాకముందే మరియా వచ్చింది. నేను వెళ్ళేసరికి ఇళ్ళ మీద ఇంకా నీలం టార్పాలిన్లే. ఆ జనం నాకు చాలా పెట్టారు, అందుకని నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అక్కడ ఎవరినైనా ఏదైనా అడిగే ముందు గుడ్ మార్నింగ్ అనండి. మధ్యాహ్నమైతే గుడ్ ఆఫ్టర్‌నూన్. చీకటి పడ్డాక ఎదురైనా గుడ్ నైట్ అనే పలకరిస్తారు, వెళ్ళొస్తానని కాదు. టాక్సీ ఎక్కుతూ సరాసరి "రెడ్ హుక్ ఎంత?" అంటే వాళ్ళకి చాలా మొరటుగా ఉంటుంది. మన ఊళ్ళో ఇంటికొచ్చినవాడు కూర్చోకుండా పని మాట్లాడినట్టు. పలకరించి అడిగితే పెద్దావిడని చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు. నేను కళ్ళారా చూశాను.

రెండోది, ఒడ్డున మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు ఇసుకలో రాలి ఉంటాయి. పిల్లాడు ముట్టుకోకుండా చూడండి. విషం. దాని పాలు జిల్లేడు పాల కంటే ఎన్నో రెట్లు చెడ్డవి, వాన పడుతున్నప్పుడు ఆ చెట్టు కింద నిలబడితే కారిన నీళ్ళకే ఒంటి మీద బొబ్బలొస్తాయి. కొన్ని చోట్ల బోర్డు పెడతారు, అన్ని చోట్లా కాదు.

మూడోది. ట్రంక్ బే అందమైనదే, కాదనను. కానీ ఓడలు నాలుగు వచ్చిన రోజు అక్కడ జాతరలా ఉంటుంది. మీ నాన్నగారికి చరిత్ర మీద ఆసక్తి ఉంటే సెయింట్ జాన్‌లోనే ఉన్న అన్నబర్గ్ తీసుకెళ్ళండి. పాత చెరకు తోట శిథిలాలు. గాలిమర గోపురం, పంచదార వండిన గది, బానిసల గుడిసెల పునాదులు. బాట చదునుగానే ఉంటుంది, కొద్దిగా ఎత్తు. అమ్మగారు మెల్లగా నడవగలరు.

ఆ దీవి డెన్మార్క్ చేతిలో ఉండేది. 1733లో అక్కడి బానిసలు తిరగబడి కోట పట్టుకుని నెలల తరబడి దీవిని తమ చేతుల్లో ఉంచుకున్నారు. మార్టినీక్ దీవి నుంచి ఫ్రెంచి సైన్యం వస్తే కానీ అణచలేకపోయారు. అన్నబర్గ్‌లో నిలబడితే ఎదురుగా సన్నటి కాలవలా సముద్రం, దాని అవతల టోర్టోలా దీవి, అది బ్రిటిష్ వాళ్ళది. అక్కడ 1834లో బానిసత్వం రద్దయింది. ఇక్కడ 1848 దాకా సాగింది. ఆ పద్నాలుగేళ్ళూ రాత్రిపూట చిన్న పడవల్లో ఈ నీళ్ళు దాటి పారిపోయేవాళ్ళు. ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. నేను సెలవు రోజున అక్కడికి వెళ్ళి ఊరికే కూర్చునేదాన్ని.

ఇంకొకటి కూడా, మనకి సంబంధించినదే. బానిసత్వం పోయాక తోటల్లో పనికి మనుషులు చాలక 1863లో కలకత్తా నుంచి మూడు వందల పైచిలుకు మందిని కూలి ఒప్పందం మీద ఓడలో ఇక్కడి మూడో దీవి సెయింట్ క్రోయ్‌కి తెచ్చారు. ఎక్కువమంది ఒప్పందం తీరాక వెనక్కి వచ్చేశారు. 1917లో డెన్మార్క్ ఈ మూడు దీవుల్నీ రెండున్నర కోట్ల డాలర్లకి అమెరికాకి అమ్మేసింది.

ఫ్రిస్కో_అనకాపల్లి | నవంబరు 5, ఉదయం 6:50
అక్కా, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. రిటైరయ్యే దాకా సోషల్ చెప్పారు ఆయన. మొత్తం విని, "ట్రంక్ బే వద్దులే, అక్కడికే వెళ్దాం" అన్నారు. బాబు మొహం చిన్నబోయింది. రెండూ కుదురుతాయా?

కోటిపల్లి_రేవు | నవంబరు 5, ఉదయం 9:00
రెండూ పెట్టుకోవద్దండి. కొద్ది గంటల్లో చిన్న దీవికి వెళ్ళేవాళ్ళు చేసే తప్పే అది. రెండు చోట్లకి వెళ్తే రెండు చోట్లా టాక్సీ కోసం ఎదురుచూడటమే మిగులుతుంది. అన్నబర్గ్ క్రూజ్ బేకి దూరం, సఫారీలు మామూలుగా అటు రావు, ముందే మాట్లాడుకుని, మళ్ళీ తీసుకెళ్ళడానికి ఫలానా టైముకి రమ్మని చెప్పాలి. అన్నబర్గ్‌కి వెళ్తే బాబుకి దారిలో దిగకుండా ట్రంక్ బే పైనుంచి చూపించండి, ఈత మర్నాడు ఇంకో రేవులో కొట్టొచ్చు.

విశాఖ_అల | నవంబరు 5, మధ్యాహ్నం 2:35
నేను జర్మనీలో ఉంటాను, కరీబియన్ తెలియదు. కానీ ఒక్క చోటికే వెళ్ళండి అన్నమాట దగ్గర ఆగిపోయాను.

మా ఓడ గ్రీసులో మికోనోస్‌లో ఆగింది. అందరూ ఊళ్ళో తెల్ల గోడల సందుల్లోకి వెళ్ళారు, మేము పక్కనున్న డెలోస్ దీవికి వెళ్ళాం. అక్కడ ఓడ ఆగేది తూర్లోస్ కొత్త రేవులో, డెలోస్ పడవలు పాత రేవు నుంచి, మధ్యలో సీబస్ ఎక్కాలి. పడవలో అరగంట. దీవి మీద ఊరు లేదు, రాత్రి ఉండనివ్వరు. గ్రీకు దేవుడు అపోలో పుట్టిన చోటని వాళ్ళ నమ్మకం. క్రీస్తుపూర్వం 426లో ఏథెన్స్ వాళ్ళు అక్కడి సమాధులన్నీ తవ్వి పక్క దీవికి తరలించి, ఇక మీదట ఇక్కడ పుట్టడం కానీ చావడం కానీ జరగకూడదని శాసించారట. నెలలు నిండినవాళ్ళని, పోయేలా ఉన్నవాళ్ళని పడవెక్కించి రినియా దీవికి పంపేసేవాళ్ళు. అంత పవిత్రమైన దీవే తర్వాత రోమన్ల కాలంలో పెద్ద బానిసల సంత అయింది. రోజుకి పదివేల మందిని అమ్మగలిగేదని ఆ కాలపు గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. పాలమూరు అక్క రాసింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

సింహాల వరసలో బయట ఉన్నవి నకళ్ళు, అసలువి మ్యూజియంలో. పాలరాయి ఉప్పుగాలికి అరిగి సింహాల మొహాలు నున్నబడిపోయాయి, అయినా నోళ్ళు తెరిచే ఉన్నాయి. వాటి ఎదుట పవిత్ర సరస్సు ఉండేది. మలేరియా వస్తోందని 1925లో ఎండగట్టేశారు, ఇప్పుడు గుంటలో ఒక ఖర్జూరపు చెట్టు ఉంది. చెట్టు నీడ అంటే దాదాపు అదొక్కటే, నీళ్ళు లేకుండా ఎవరూ వెళ్ళకండి.

మేము మొదట బుక్ చేసుకున్న ఏడాది మెల్టెమి గాలి లేచి పడవలు ఆపేశారు, వెళ్ళలేకపోయాం. జులై, ఆగస్టుల్లో ఆ ఉత్తరపు గాలి మామూలే. అందుకే చిన్న దీవికి వెళ్దామనుకున్న రోజుకి ఇంకో ప్లాను కూడా జేబులో ఉండాలి.

న్యూజెర్సీ_నెల్లూరు | నవంబరు 5, సాయంత్రం 6:10
మంచి మాట. గాలి, వాన ఉంటే ఫ్రిస్కో వాళ్ళకి వాటర్ ఐలాండ్ ఉంది, లేదంటే ఊళ్ళోనే ఉండిపోవచ్చు.

సెయింట్ జాన్‌లో దిగి, అక్కడ నుంచి జోస్ట్ వాన్ డైక్‌కి పడవ మాట్లాడుకుందామని ఎవరైనా అంటే వినకండి. అది బ్రిటిష్ దీవి, వేరే దేశం, వెళ్ళేటప్పుడు వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్. కొన్ని గంటల మజిలీలో పెట్టుకునే పని కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. చలికాలంలో ఆ దీవులు ఫ్లోరిడా కంటే ఒక గంట ముందుంటాయి. ఓడ తన గడియారం మార్చిందా లేదా అన్నది ముందురోజు రాత్రి గదికి వచ్చే కాగితంలో చూడండి. ఓడ మార్చి, మీ గడియారం మార్చకపోతే మీరు గంట ఆలస్యమైనట్టే. ఫోన్‌ని నమ్మొద్దు, ఓడ వైఫైలో ఒకటి, ఒడ్డున సిగ్నల్ తగిలితే ఒకటి చూపిస్తుంది. ఎవరో ఒకరి చేతికి ముళ్ళ వాచీ ఉండాలి, ఓడ టైమ్ పెట్టి.

ఫ్రిస్కో_అనకాపల్లి | నవంబరు 5, రాత్రి 10:05
నాన్న హెచ్‌ఎంటీ వాచీ ఉందండి. ఇప్పటికీ రోజూ కీ ఇస్తారు. వెళ్ళొచ్చాక ఇక్కడే రాస్తాను.

ఓరుగల్లు_బాట | జనవరి 19, ఉదయం 10:30
ఫ్రిస్కో తమ్మీ, పోయొచ్చిన్రా? ఎదురుచూస్తున్నం.

ఫ్రిస్కో_అనకాపల్లి | జనవరి 24, రాత్రి 11:15
ఆలస్యానికి క్షమించండి. వెళ్ళొచ్చాం. సెయింట్ జాన్, అన్నబర్గ్.

రేవులో దిగేసరికి 8:20. ఎక్కిన సఫారీ నిండేదాకా కదలదట, అందులోనే పాతిక నిమిషాలు కూర్చున్నాం. రెడ్ హుక్ చేరేసరికి 9 గంటల పడవ ఎప్పుడో వెళ్ళిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాన్న వాచీ చూసి, "పదిది ఉందిగా, ఇక్కడ గాలి బాగుంది" అని గట్టు మీద కూర్చున్నారు. కోటిపల్లి వారి లెక్క కాగితం మీద రాసుకెళ్ళాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరిగేవాణ్ణి. పంటు గొలుసు చప్పుడు మేమూ విన్నామండి.

క్రూజ్ బేలో దిగి అక్క చెప్పినట్టు ముందు గుడ్ మార్నింగ్ అన్నాను. టాక్సీ నడిపే పెద్దాయన అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నారు. ట్రంక్ బే పైన మలుపులో తనే బండి ఆపి, "చూడనివ్వండి" అన్నారు. బాబు అయిదు నిమిషాలు చూశాడు. అన్నబర్గ్ దగ్గర దింపి, ముప్పావుగంటలో వస్తానని చెప్పి సరిగ్గా వచ్చారు.

గాలిమర గోడలో మామూలు రాళ్ళతో పాటు పగడపు రాళ్ళు కూడా పెట్టి కట్టారు. గుండ్రంగా, మెదడు మీద గీతల్లాంటి గీతలతో. బాబు వాటి మీద వేలు పెట్టి గీత ఎటు పోతుందో వెతుకుతూ ఉండిపోయాడు. బీచ్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పంచదార వండిన గది దగ్గర మాత్రం అమ్మ ఆగిపోయింది. గోడ వెంబడి వరసగా గుండ్రటి గుంటలు, రాగి కాగులు కూర్చోబెట్టినవి. పెద్దదాని పక్కన కాస్త చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది, కింద మంట. నాన్న బోర్డు చదివేలోపే అమ్మ చెప్పేసింది. "మొదటిదాంట్లో రసం పోస్తారు, మడ్డి తీస్తూ పక్కదాంట్లోకి తోడతారు, చివరిదాంట్లో పాకం. మా నాన్న పెనం దగ్గర ఇలాగే కదా." అనకాపల్లి పక్కన మా తాతగారిది చెరకు తోట, గానుగ. సంక్రాంతి రోజుల్లో బెల్లం వండేవాళ్ళు. అమ్మ చిన్నప్పుడు రాత్రుళ్ళు పెనం పక్కనే పడుకునేదట, వెచ్చగా ఉంటుందని. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళొచ్చినా తెలియదు.

తర్వాత నాన్న ఆ ఎదుటి ఒడ్డు చూపించి 1834, 1848 సంగతి అంతా చెప్పారు. అమ్మ ఆ నీళ్ళ వైపు చూసి, "ఈత రానివాళ్ళు ఏం చేసుంటారు?" అని అడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఒంటిగంట పడవ అందింది. 2:25కి రేవులో ఉన్నాం. అమ్మ మోకాలికి ఆ రాత్రి వేడినీళ్ళ కాపడం పెట్టాల్సి వచ్చింది, మిగతా అంతా బాగుంది. నాన్న ఇప్పుడు ఆ కలకత్తా ఓడ గురించి ఇంకా చదవాలంటున్నారు. పాలమూరు అక్కా, మీకు తెలిసినంత రాయగలరా?

పాలమూరు_అక్క | జనవరి 25, ఉదయం 7:40
రాస్తాను తమ్ముడూ. నేనున్నప్పుడు రాసుకున్న నోటు పుస్తకం పైన అటకలో ఉంది, ఈ ఆదివారం దింపుతాను. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. పెనం పక్కన పడుకున్న సంగతి ఇంకా ఏమేం గుర్తున్నాయో అడిగి నువ్వు కూడా రాసి పెట్టుకో.